రాంబస్ పర్వం

ఆటల కోసం కంప్యూటరును స్వయంగా కూర్చుకునేవారు ప్రాసెసరునూ గ్రాఫిక్స్ కార్డునూ ఎంతో ఆలోచించి ఎంచుకుంటారు. మెమరీ వంతు వచ్చేసరికి, మిగిలిన డబ్బుతో ఏది వస్తే అది కొంటారు. కానీ మెమరీ ఎంపికే మొత్తం యంత్రం భవితవ్యాన్ని నిర్ణయించిన కాలం ఒకటుంది. 1999 నుండి 2003 వరకు నడిచిన ఆ కథను ఇప్పుడు తలచుకోవడం వృథా కాదు.

1990లో మైక్ ఫార్మ్‌వాల్డ్, మార్క్ హొరోవిట్జ్ స్థాపించిన రాంబస్ సంస్థ అప్పట్లో మెమరీని రూపొందించేదే గాని తయారు చేసేది కాదు. తయారీదారుల నుండి రుసుము పుచ్చుకునేది. 1996లో దాని మెమరీ నింటెండో 64 ఆటయంత్రంలో చేరింది. ఆ యేడే ఇంటెల్ దానితో ఒప్పందం చేసుకుని, రాబోయే పీసీలకు ఆర్‌డీర్యామే దిక్కని తలచింది.

తొలి అడుగే తడబడింది. మూడు మెమరీ స్లాట్ల బోర్డులలో దోషం బయటపడి 820 చిప్‌సెట్ ఆలస్యమైంది; 1999 నవంబరులో రెండు స్లాట్లతో వెలువడింది. దానికి పాత ఎస్‌డీర్యామును జతపరచేందుకు అమర్చిన అనుసంధాన చిప్పు కూడా వికటించడంతో, 2000 మేలో ఆ బోర్డులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

అసలు చిక్కు వేరే ఉంది. పీసీ800 ఆర్‌డీర్యాము సెకనుకు 1.6 గిగాబైట్లు అందించగలదు. పెంటియం 3 బస్సు మోయగలిగినది సుమారు 1.06 గిగాబైట్లే. చెరువెంత నిండినా తూములో పట్టినంతే కదా పొలానికి చేరేది! పైగా ఈ మెమరీ స్పందనలో జాప్యం ఎక్కువ, ధర మరీ ఎక్కువ. ఖాళీ స్లాటును సైతం ఖాళీగా వదలరాదు. సంకేతాల దారి తెగకుండా అందులో ఒక ఉత్త పలకను గుచ్చాలి.

2000 నవంబరులో పెంటియం 4 వచ్చాక న్యాయం తిరగబడింది. దాని బస్సు సామర్థ్యం 3.2 గిగాబైట్లు, జంట చానళ్ళ ఆర్‌డీర్యాము సరిగ్గా అంతే ఇచ్చింది. క్వేక్ 3 వంటి ఆటలలో ఆ జోడీ నిజంగానే మెరిసింది. 2001లో అదే ప్రాసెసరుకు ఎస్‌డీర్యాము కట్టిన 845 చిప్‌సెట్ వెనకబడింది. కనుక రాంబస్ మెమరీ చెడ్డదనడం చరిత్రకు అన్యాయం.

అయినా గెలిచింది డీడీఆర్. అది జెడెక్ సంఘం 2000లో ప్రకటించిన ఉమ్మడి ప్రమాణం. ఏఎమ్‌డీ ఆ యేడే దాన్ని చేపట్టింది. 2003లో ఇంటెల్ కూడా జంట చానళ్ళ డీడీఆర్ వైపు మళ్ళింది. ఖరీదైన ఆర్‌డీర్యాము కొన్నవారి పలకలు కొత్త బోర్డులలో అమరలేదు.

గెలిచిన పక్షం కడిగిన ముత్యమని కాదు. 1999–2002 మధ్య మెమరీ ధరలను కూడబలుక్కుని నిర్ణయించినందుకు అమెరికాలో శాంసంగ్ 2005లో 30 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. హైనిక్స్, ఇన్ఫినియన్‌లూ నేరం అంగీకరించాయి.

ఈ కథ చెప్పే నీతి చిన్నదే. మెమరీ వేగాన్ని పెట్టె మీది అంకెలో కాక, ప్రాసెసరుతో దాని పొత్తులో చూడాలి. బోర్డును ఎన్నుకున్న క్షణమే మెమరీనీ ఎన్నుకున్నట్లు. 2021లో ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు డీడీఆర్4, డీడీఆర్5 రెండింటినీ అంగీకరించినా, మామూలుగా ఒక్కో బోర్డు ఒక్కదానికే చోటిచ్చింది. రేపు ఆ పలక మరో బోర్డులో అమరుతుందా అని ఈరోజే అడగడం, ఇరవై యేళ్ళ క్రితం కొందరు మూల్యం చెల్లించి నేర్చుకున్న పాఠం.