తోడు వచ్చే తలారి

"పారా హుషార్!" అన్న కేక ఈ తరం పిల్లలకి పాత సినిమాల్లో తప్ప వినిపించదు. ఒకప్పుడు ఊరు హాయిగా నిద్రపోవాలంటే ఎవరో ఒకరు మేలుకుని ఉండాల్సిందే. ఆ మేలుకునే మనిషే మన పల్లెల్లో తలారి.

తలారి అనగానే చేతికర్ర, తలపాగా, దొంగల్ని తరిమే మనిషి కళ్లముందు మెదులుతాడు కదూ? 1812లో ఇంగ్లండు పార్లమెంటు ముందుకొచ్చిన అయిదో నివేదికలో మద్రాసు రాజధాని పల్లెల కొలువుల వివరం ఉంది. అందులో తలారి పని నేరాల ఆరా తీయడం. దానితోబాటు ఇంకో పనీ ఉంది, వింటే ఆశ్చర్యపోతారు. ఒక ఊరినుంచి మరో ఊరికి పోయే ప్రయాణికులకి తోడు వెళ్లి కాపాడడం! అంటే, ఊళ్లోకి వచ్చిన కొత్తమనిషి మీద ఓ కన్నేసి ఉంచడమే కాదు, అతని క్షేమం చూడడం కూడా కావలివాడి వంతేనన్నమాట. ఇందుకు ప్రతిఫలం కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు రైతులు పెట్టే వాటా.

1816లో మద్రాసు ప్రభుత్వం గ్రామపెద్దకే పోలీసు అధికారం ఇచ్చి, తలారిని అతని చేతికింద ఉంచింది. 1859 చట్టంతో జిల్లాలకి జీతాల పోలీసులొచ్చారు. 1984లో మునసబు, కరణం పదవులే పోయాయి. కావలి అంటే స్టేషను వాళ్ల పని, మనకెందుకులే అనుకోవడం మనకి మెల్లగా అలవాటైపోయింది.

దొంగలు మాత్రం వాళ్ల అలవాటు మానుకోలేదు! మా భోగాపురం విశాఖపట్నం, శ్రీకాకుళం మధ్య పెద్దరోడ్డు మీది ఊరు. విమానాశ్రయం పనులు మొదలయ్యాక కొత్తముఖాలు మరీ ఎక్కువయ్యాయి. ఓ వేసవిలో మా వీధిలో వరసగా రెండిళ్ల తాళాలు పగిలేసరికి కుర్రాళ్లు గస్తీకి వంతులు వేసుకున్నారు.

"మీరు తిరిగితే సరా? ఎవరింటికి ఏ చుట్టం వచ్చాడో మీకేటి తెలుస్తాది? ఆ కబుర్లన్నీ మా దగ్గరుంటాయి" అంది ఎదురింటి పిన్ని. అందరూ నవ్వారు గానీ, మాట నిజమే కదా! జాబితాలో పిన్ని పేరూ, నా పేరూ ఎక్కాయి. కొంగు నడుముకి దోపుకుని, టార్చిలైటు పట్టుకుని రాత్రి పదినుంచి పన్నెండుదాకా మా వంతు.

ఓ రాత్రి మూసేసిన కొట్టు అరుగుమీద ఎవరో ముడుచుకుని కూర్చున్నాడు. కుర్రాళ్ల చేతిలో కర్రలు లేచాయి. పిన్ని ముందుకెళ్లి, "ఏ ఊరు నాయనా? ఎవరింటికొచ్చావు?" అంది. ఒరిస్సానుంచి కూలిపనికొచ్చిన అబ్బాయి, ఆఖరి బస్సు తప్పిపోయిందట. మంచినీళ్లిచ్చి, ఇద్దరు కుర్రాళ్లు తోడెళ్లి అతని బసలో దిగబెట్టారు. తలారి రెండో పని అదే కదా అనిపించింది నాకు.

ఇరుగుపొరుగు కావలి మనకొక్కరికే లేదు. అమెరికాలో షరీఫుల జాతీయ సంఘం 1972లో దేశమంతటా దీన్ని ప్రోత్సహించింది. ఇంగ్లండులో 1982లో మాలింగ్టన్ అనే పల్లెలో మొదలైంది. కాని ఆ అమెరికాలోనే, 2012లో ఫ్లోరిడా రాష్ట్రం శాన్‌ఫర్డ్‌లో, అలాంటి కావలికి పూనుకున్న ఒకాయన పదిహేడేళ్ల కుర్రాణ్ణి అనుమానించి వెంబడించాడు, చివరికి కాల్చి చంపాడు. ఆ పిల్లవాడు అంగడినుంచి మిఠాయి కొనుక్కుని వస్తున్నాడంతే! కోర్టు ఆయన్ని నిర్దోషి అంది. బిడ్డ తిరిగొస్తాడా? మనం మాత్రం తీసిపోయామా? 2018లో పిల్లల్నెత్తుకుపోయేవాళ్లు వచ్చారన్న పుకారు సెల్‌ఫోన్లలో పాకి, తెలుగునాట అమాయకుల ప్రాణాలు తీసింది.

చట్టం ఏమంటుందో ఇంట్లో అందరికీ తెలియడం మంచిది. 2024 జూలై 1నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షను ప్రకారం, బెయిలు హక్కుగా దొరకనంత పెద్దనేరం కళ్లెదుట చేసినవాణ్ణి పోలీసులు కాని మనమైనా పట్టుకోవచ్చు. అయితే ఆలస్యం చెయ్యకుండా, ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. ఊరికే అనుమానం కలిగితే 112కి ఫోను చేస్తే చాలు. కొట్టడానికి ఎవరికీ హక్కు లేదు.

మీ వీధిలోనూ గస్తీ పెట్టుకుంటున్నారా? మంచిదే. కుర్రాళ్ల చేతికి కర్ర ఇచ్చేముందు తలారి రెండో పని సంగతి కూడా ఓసారి చెప్పండి.