అక్బరు ఏకీకరణ విధానం: 1580 తిరుగుబాటు వెలుగులో ఒక పునఃపరిశీలన

అక్బరు మత సహనమే మొఘల్ సామ్రాజ్యాన్ని ఒక్కటి చేసిందన్న అభిప్రాయం మన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. సహనం నిజమే, దాని విలువా గొప్పదే. అయితే భిన్న జాతుల అమీర్లను ఒకే సింహాసనానికి కట్టిపడేసింది ప్రధానంగా కొలువు, జీతం, భూమిశిస్తుల ఏర్పాటేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

కాలక్రమమే ఇందుకు తొలి ఆధారం. 1562లో అంబర్ రాజు భారమల్ కుమార్తెతో వివాహం, 1563లో యాత్రిక పన్ను రద్దు, 1564లో జిజియా రద్దు జరిగాయి. వీటిని చూసి రాజపుత్రులు వెల్లువలా వచ్చి చేరలేదు. 1568లో మేవాడ్‌కు చెందిన చిత్తోడ్ కోట పడిపోయింది. కోటలో వేలాదిమందిని ఊచకోత కోశారు. ఆనాటి విజయ ప్రకటన మతయుద్ధపు భాషలోనే సాగింది. అక్బరును కొనియాడే రచనలు ఈ ఘట్టాన్ని దాటవేయడం న్యాయం కాదు. రణథంభోర్ 1569లో లొంగింది. బికనేర్, జైసల్మేర్ 1570లో కొలువులో చేరాయి. చేరినవారి స్వస్థలాలను వారికే జాగీరుగా విడిచిపెట్టి, పైన మన్సబు (కొలువులో హోదా) ఇచ్చారు. ఓడిన రాజుకు పరువుతో పాటు ఆదాయమూ దక్కింది.

మరోవైపు 1564–67 నాటి ఉజ్బెక్ సర్దార్ల తిరుగుబాటు తూరానీ (మధ్య ఆసియా) అమీర్ల మీద నమ్మకాన్ని సడలించింది. ఆ తరువాతే ఇరానీలకు, భారతీయులకు కొలువులో చోటు పెరిగిందని చరిత్రకారుడు ఇక్తిదార్ ఆలం ఖాన్ నిరూపించారు.

ఈ ఏర్పాటుకు అసలు పరీక్ష 1580లో ఎదురైంది. గుర్రాలకు ముద్ర వేసే దాగ్ నిబంధనను గట్టిగా అమలు చేయడంతో గుర్రాల సంఖ్యపై అమీర్ల దొంగలెక్కలు సాగలేదు. దీనికి తోడు దివాన్ షా మన్సూర్ సైనికుల అదనపు భత్యాన్ని బెంగాల్‌లో నూటికి 100 నుంచి 50కి, బీహార్‌లో 50 నుంచి 20కి తగ్గించాడు. రెండు సుబాలూ భగ్గుమన్నాయి. జౌన్‌పూర్ ఖాజీ తిరుగుబాటును సమర్థిస్తూ ఫత్వా ఇచ్చాడు. తిరుగుబాటుదారులు కాబూల్‌లో ఉన్న అక్బరు తమ్ముడు మీర్జా హకీంను పాదుషాగా ప్రకటించారు. మత సహనం మీద కోపం కూడా ఇందులో కలిసిన మాట వాస్తవం. కానీ నిప్పు రాజేసింది జీతాల కోత.

అప్పుడు సింహాసనం పక్షాన నిలిచిందెవరు? తోడర్ మల్ ముంగేర్ కోటలో ముట్టడికి తట్టుకుని నిలిచాడు. సింధు నది వైపు నుంచి వచ్చిన హకీం సేనలను మాన్‌సింగ్ ఎదుర్కొన్నాడు. 1581లో అక్బరు కాబూల్‌లో ప్రవేశించాడు.

ఆ సంక్షోభం నడుస్తుండగానే 12 సుబాల విభజన, పదేళ్ల సగటు దిగుబడులు, ధరల మీద శిస్తు నిర్ణయించే దహసాలా పద్ధతి అమల్లోకి వచ్చాయి. భూమి కొలతకు వాడే, తడికి కుంచించుకుపోయి ఎండకు సాగే జనపతాడు స్థానంలో ఇనుప కడియాలతో కలిపిన వెదురు కర్రల జరీబు (కొలత సాధనం) అంతకుముందే వచ్చింది. జాగీరు ఏ మూలనున్నా దాని రాబడి ఎంతో కేంద్రానికి తెలిసింది. కనుకనే జాగీర్లను తరచూ మార్చడం సాధ్యమైంది. అయితే ఈ కొలత అంతటా చేరలేదు. బెంగాల్‌లో పాత అంచనాలే కొనసాగాయి. కొలత చేరిన చోట పంటలో మూడో వంతు విలువను రైతు నగదుగా కట్టాలి. సామ్రాజ్య విస్తరణ భారమంతా చివరికి ఆ రైతు మీదే పడింది.

మేవాడ్ మాత్రం అక్బరు జీవితకాలంలో లొంగలేదు. 1576 హల్దీఘాటీ యుద్ధం తరువాత కూడా రాణా ప్రతాప్ పోరు సాగించాడు. 1615లో జహంగీర్‌తో సంధి చేసుకున్న రాణా అమర్‌సింగ్‌కు దర్బారుకు స్వయంగా హాజరయ్యే బాధ్యత తప్పింది. చిత్తోడ్ కూడా తిరిగి దక్కింది, కోట గోడలు బాగుచేయకూడదన్న షరతుతో.