రెప్పలెట్లున్నయ్?

తెల్లవారుజాము మూడున్నర. కోదాడలో ఓ చిన్న ఆస్పత్రి. కిటికీ అవతల హైదరాబాద్–విజయవాడ హైవే మీద లారీల హోరు. మంచం మీద ఓ రైతు.

"పొలంకాడ కిందనే పండుకుండు మేడం. నడిరాత్రి కాన్నుంచి కడుపునొప్పి అంటుండు," అంటోంది భార్య.

ఒంటిమీద గాటు లేదు. గ్యాస్ నొప్పి అనుకోవచ్చు. కానీ మాట ముద్దముద్దగా వస్తోంది. డ్యూటీ డాక్టరమ్మ సూర్యాపేటలోని సీనియర్ ఫిజీషియన్‌కు ఫోన్ కలుపుతుంది.

"సారీ సార్, ఈ టైంల..."

"పర్వాలేదు, చెప్పమ్మా. రెప్పలెట్లున్నయ్?"

టార్చి వేసి చూస్తుంది. సగం వాలిపోయాయి.

"తల లేపుతుండా? ఒక్క ఊపిరిల ఎంతదాక లెక్కపెడుతుండు?"

రైతు పద్దెనిమిది దగ్గర ఆగిపోతాడు.

"కట్లపామనుకొని మొదలుపెట్టు. దాని గాటు కనబడకపోవచ్చు. పది వయల్స్ యాంటీవీనమ్ గంటల ఎక్కించు, అడ్రినలిన్ పక్కన పెట్టుకో. ఇక్కడ వెంటిలేటర్ బెడ్ చూసిపెడత, జల్ది పంపు."

సెలైన్‌లో మందు ఎక్కుతోంది. గాజు ట్యూబులో పెట్టిన రక్తం 20 నిమిషాలకు గడ్డకట్టింది. దాంతో రక్తపింజర అనుమానం సన్నగిల్లింది. కట్లపాము విషం నరాల కొసలనే దెబ్బతీస్తుంది. అది జరిగాక యాంటీవీనమ్ ఎక్కించినా ఊపిరి వెంటనే తేరుకోదు.

108 వచ్చి వాకిట్లో ఆగింది. ఆమె మిర్యాలగూడకు ఫోన్ చేస్తుంది. అక్కడ మత్తు డాక్టర్ తన క్లాస్‌మేట్.

"ఇప్పుడు లెక్క ఎంతనే?"

"పదకొండు."

"అట్లయితే దారిల చూద్దామనుకోకు. ట్యూబ్ వేసినాకనే పంపు."

ఒకరు జల్ది పంపమంటున్నారు, ఇంకొకరు ఆగమంటున్నారు. ఎవరి మాటా తప్పు కాదు. సార్ విన్నది పద్దెనిమిది, క్లాస్‌మేట్ విన్నది పదకొండు. ఆ రెంటి మధ్య ఏం జరిగిందో చూసింది మంచం పక్కనున్న మనిషి ఒక్కతే. మళ్లీ లెక్కపెట్టిస్తుంది. ఎనిమిది.

శ్వాసనాళంలోకి ట్యూబ్ వేస్తుంది.

స్టాఫ్‌నర్స్ అంబు బ్యాగ్ నొక్కుతుండగా స్ట్రెచర్ కదులుతుంది. డాక్టరమ్మ కేస్‌షీట్‌లో టైములు, మూడు లెక్కలు, ఎవరినేం అడిగిందీ రాస్తుంది. మరో డాక్టర్‌ను సలహా అడిగినా, వైద్యం చేస్తున్నవారిదే బాధ్యత అని 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

సూర్యాపేటకు మళ్లీ ఫోన్.

"సార్, లెక్క ఎనిమిదికి పడింది. ట్యూబ్ వేసి పంపుతున్న."

"మంచి పని చేసినవ్. ఎన్నింటికి వేసినవ్?"