‘మీ సంగీతం’ అన్న మాట: అమెరికా నల్లజాతి స్త్రీల అభిరుచి చరిత్ర

అమెరికాలో ఒక నల్లజాతి స్త్రీ తనకు ర్యాప్ పాటలు రుచించవని చెబితే వినేవాళ్ళు కాస్త వింతగా చూస్తారు. తెల్లవాళ్ళ చూపులో అజ్ఞానం ఉంటుంది. తనవాళ్ళ చూపులో నిష్ఠూరం ఉంటుంది. ఒక జర్మన్ స్త్రీ తనకు బీథోవెన్ అంటే విసుగని చెప్పినా ఆమె జర్మన్‌తనాన్ని ఎవరూ శంకించరు. నల్లజాతి స్త్రీ విషయంలో మాత్రం అభిరుచి కూడా జాతికి సాక్ష్యం పలకవలసి వస్తోంది. ఈ వింత చూపు ర్యాప్‌తో పుట్టినది కాదనీ, దానికంటే నూరేళ్ళకు పైగా పాతదనీ, సంగీతాన్ని అమ్ముకునేవాళ్ళే దాన్ని చాలావరకు తయారు చేశారనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. లయకు తగ్గట్టు మాటలను పాడకుండా వేగంగా పలికే ర్యాప్ ప్రక్రియ స్త్రీలకు పరాయిది కాదు. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలో జరిగిన ఒక పార్టీని హిప్‌హాప్ సంస్కృతికి ఆరంభంగా చెప్పుకుంటారు. దాన్ని ఏర్పాటు చేసింది సిండీ క్యాంబెల్ అనే అమ్మాయి. బడి తెరిచేలోగా కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టుకోవాలని ఆమె ఆలోచన. రికార్డులు తిప్పింది ఆమె అన్న, డీజే కూల్ హెర్క్. 1979లో ర్యాప్‌ను తొలిసారి పెద్ద ఎత్తున విపణికి తెచ్చిన షుగర్ హిల్ సంస్థను నడిపింది కూడా సిల్వియా రాబిన్సన్ అనే నల్లజాతి స్త్రీయే. కాబట్టి ర్యాప్ వినని స్త్రీల కథ ర్యాప్‌కు ఎదురు కథ కాదు. అది అంతకు ఎంతో ముందే మొదలయింది.

ఎలిజబెత్ టేలర్ గ్రీన్‌ఫీల్డ్ మిసిసిపీ రాష్ట్రంలోని నాచెజ్‌లో బానిసగా పుట్టింది. ఫిలడెల్ఫియాలో ఒక క్వేకర్ మతస్థురాలి ఇంట పెరిగి, చాలామటుకు స్వయంకృషితోనే యూరోపియన్ శాస్త్రీయ గానం నేర్చుకుంది. 1851లో బఫెలో నగరంలో కచేరీ చేసేసరికి పత్రికలు ఆమెకు ‘బ్లాక్ స్వాన్’, అంటే నల్లహంస, అని పేరు పెట్టాయి. అప్పట్లో అమెరికాను ఉర్రూతలూగిస్తున్న స్వీడన్ గాయని జెన్నీ లిండ్‌ను పక్షితో పోల్చేవారు గనక ఈమెకూ ఒక పక్షి పేరు దొరికింది. 1853లో న్యూయార్కు మెట్రోపాలిటన్ హాలులో ఆమె పాడినప్పుడు నల్లవారిని లోపలికి రానివ్వలేదు. పాడేది నల్లజాతి స్త్రీ, వినేవారంతా తెల్లవారు. ఆమె తనవారికి క్షమాపణ చెప్పుకుని, వారి సంస్థల సహాయార్థం మరో కచేరీ చేసింది. మరుసటి ఏడాది లండన్‌లో విక్టోరియా రాణి ఎదుట పాడింది.

ఆనాడు ‘నల్లవారి సంగీతం’ పేరుతో జనం డబ్బిచ్చి చూసినది మిన్‌స్ట్రెల్ ప్రదర్శన. తెల్లజాతి మగవాళ్ళు కాల్చిన బెండు మసి ముఖానికి పూసుకుని, నల్లవారిని సోమరులుగా, విదూషకులుగా అనుకరించే ఆటపాటలవి. ఆ వేషాలకు అలవాటుపడ్డ కళ్ళకు ఇటాలియన్ గీతం పాడే నల్లజాతి స్త్రీ వింతగానే కనిపిస్తుంది. ఆ వింత ఖరీదు ఎంతో తెలుసుకోవాలంటే సిసిరెట్టా జోన్స్ జీవితం చూడాలి.

ఈమె వర్జీనియాలో పుట్టి రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో పెరిగింది. శాస్త్రీయ శిక్షణ పొందింది. 1892 ఈమె జీవితంలో గొప్ప సంవత్సరం. శ్వేతభవనంలో అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ ఎదుట పాడింది. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పాడింది. ఇప్పుడు కార్నెగీ హాలు అంటున్న భవనంలో పాడిన తొలి నల్లజాతి కళాకారిణి అయింది. పత్రికలు ఇటలీ గాయని అడెలీనా పాటీ పేరు తెచ్చి ఈమెకు ‘బ్లాక్ పాటీ’ అని తగిలించాయి. ఆ పేరు ఆమెకు నచ్చలేదు. ఎందుకు నచ్చుతుంది? సొంత పేరు ఉన్న మనిషికి మరొకరి పేరు, దాని ముందు ఒక రంగు!

ఇంత పేరు వచ్చినా ఏ ఆపెరా సంస్థా ఆమెను వేదిక ఎక్కించలేదు. 1896లో ‘బ్లాక్ పాటీ ట్రూబడోర్స్’ అనే బృందం ఏర్పడింది. మేనేజర్లు తెల్లవారు. ప్రదర్శన ముందు భాగమంతా హాస్యం, నృత్యం, మిన్‌స్ట్రెల్ బాణీ ఆటలు. ఆమె వాటిలో పాల్గొనేది కాదు. చివరి ఘట్టంలో మాత్రం ఆపెరా వేషం కట్టి, ఆపెరా గీతాలు పాడేది. దాదాపు ఇరవై ఏళ్ళు ఊరూరా తిరిగి ఇదే చేసింది. ఆపెరాలో నటించే హక్కు లేని గాయని, హాస్యప్రదర్శన తోకకు ఆపెరాను కట్టుకుని బతికించుకుంది. దీన్ని రాజీ అనేవారున్నారు. నాకు మాత్రం ఇది మొండితనంగానే కనిపిస్తుంది. తల్లి అనారోగ్యం వల్ల ప్రావిడెన్స్‌కు తిరిగివచ్చి, నగలూ పతకాలూ అమ్ముకుని, 1933లో పేదరాలిగా మరణించింది. ఆమె గొంతు ఎలా ఉండేదో మనకు తెలియదు. ఒక్క రికార్డు కూడా మిగల్లేదు.

రికార్డుల మాట వచ్చింది గనక ఇక్కడ కాస్త ఆగాలి. ఇప్పటి ‘మీ సంగీతం’ అన్న పెట్టె తయారయినది గ్రామఫోన్ వ్యాపారంలోనే. 1920లో ఓకే కంపెనీ మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని చేత ‘క్రేజీ బ్లూస్’ పాడించింది. అది విపరీతంగా అమ్ముడుపోయింది. నల్లవారి ఇళ్ళలోనూ గ్రామఫోన్లున్నాయని, వాళ్ళూ డబ్బు పెట్టి కొంటారని కంపెనీలకు అప్పుడు తెలిసింది. వెంటనే ‘రేస్ రికార్డులు’ అనే ప్రత్యేక పట్టిక పుట్టింది. దక్షిణ ప్రాంతపు తెల్లవారి జానపదానికి ‘హిల్‌బిల్లీ’ వంటి పేర్లతో మరో పట్టిక పెట్టారు. నిజానికి అక్కడి పల్లెల్లో నల్లవారూ తెల్లవారూ ఒకే ఫిడేలు పాటలు వాయించుకునేవారు. బాంజో వాద్యమైతే ఆఫ్రికా నుంచి బానిసలు తమ జ్ఞాపకంలో మోసుకొచ్చినదే. కంపెనీల పట్టికలు దాన్ని తెల్లవారి గదిలో పెట్టాయి. బ్లూస్ పాడే స్త్రీకి రికార్డింగు దొరికింది, ఫిడేలు పాటో షూబర్ట్ పాటో పాడే స్త్రీకి దొరకలేదు. కొన్నేళ్ళు గడిచాక రికార్డులలో ఉన్నదే ఆ జాతి అభిరుచి అని చరిత్రకారులు కూడా నమ్మారు.

ఆ పెట్టెను పగలగొట్టాలని 1921లో హ్యారీ పేస్ అనే నల్లజాతి వ్యాపారి సొంత రికార్డు కంపెనీ పెట్టాడు. దాని పేరు బ్లాక్ స్వాన్. మన గ్రీన్‌ఫీల్డ్ పేరే అది. బ్లూస్‌తో పాటు శాస్త్రీయ గానమూ వేయాలని అతని పట్టుదల. అయితే కంపెనీని నిలబెట్టినవి ఎథెల్ వాటర్స్ పాడిన బ్లూస్ పాటలే. మరీ మోటుగా ఉందని ఆ కంపెనీ కాదన్న బెస్సీ స్మిత్ ఇంకోచోట మహాగాయని అయింది. అంటే పెద్దమనిషి తరహా కూడా ఒక పెట్టే! 1924లో బ్లాక్ స్వాన్‌ను పారమౌంట్ కంపెనీ తీసుకుంది. బిల్‌బోర్డు పత్రిక ‘రేస్’ అన్న మాట మార్చి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అనడానికి 1949 దాకా ఆగవలసి వచ్చింది. పేరు మారింది గాని గది అదే.

వ్యాపారానికి పట్టని అభిరుచిని పోషించినవి చర్చీలు, సంఘాలు. 1919లో ఏర్పడిన నల్లజాతి సంగీతకారుల జాతీయ సంఘం తన మొదటి విద్యార్థి వేతనాన్ని ఫిలడెల్ఫియా అమ్మాయి మేరియన్ ఆండర్సన్‌కు ఇచ్చింది. సొంత ఊరి సంగీత పాఠశాల రంగు చూసి గుమ్మంలోంచే తిప్పిపంపిన ఆమెకు చర్చివారు చందాలు పోగుచేసి గురువును కుదిర్చారు. ఒక పేద సమాజం తన బిడ్డ షూబర్ట్ పాడాలని పైసా పైసా కూడబెట్టింది. ‘మీ సంగీతం కాదు గదా’ అని వాళ్ళలో ఎవరూ అనలేదు.

ఆ తర్వాతి కథ ప్రసిద్ధమే. యూరప్ ఆమెకు నీరాజనం పట్టింది. 1939లో వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలు యజమానులు నల్లజాతి గాయనికి హాలు ఇవ్వమన్నారు. అధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ నిరసనగా ఆ సంఘానికి రాజీనామా చేసింది. ఏప్రిల్ 9, ఈస్టర్ ఆదివారం, లింకన్ స్మారకం మెట్ల మీద ఆండర్సన్ పాడింది. వినడానికి 75,000 మంది వచ్చారు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆ రోజు ఆమె ఏం పాడిందో కూడా చూడాలి: దేశభక్తి గీతం, దొనిజెట్టి ఆపెరా నుంచి ఒక ఇటాలియన్ గీతం, షూబర్ట్ ‘ఆవె మరియా’, ఆ పైన నల్లవారి భక్తిగీతాలు. ఏదీ అరువు తెచ్చుకున్నట్టు లేదు. తెలుగు మాతృభాష కాని తమిళ, కన్నడ గాయనులు త్యాగరాజ కృతులు పాడుతుంటే రాష్ట్రేతర ప్రాంతాల్లో పెరిగిన మన పాఠకులకు వింతగా తోచదు. గొంతుకు ఊరు ఒకటే ఉండనక్కరలేదని వాళ్ళకు వేరే చెప్పాలా?

న్యూయార్కు మెట్రోపాలిటన్ ఆపెరా మాత్రం 1955 జనవరి 7 దాకా ఆమెకు తలుపు తెరవలేదు. అప్పటికి ఆమె వయసు 57. గొంతు పతాకస్థాయి దాటిపోయింది. 1957లో ఆసియా పర్యటనలో భాగంగా భారతదేశానికి వచ్చింది, ఢిల్లీలో గాంధీజీకి నివాళి అర్పించింది. ఆమె తెరిచిన తలుపులోంచి 1961లో మిసిసిపీ బిడ్డ లియంటీన్ ప్రైస్ ప్రవేశించింది. మొదటి రాత్రే నలభై నిమిషాలకు పైగా చప్పట్లు మోగాయని చెబుతారు.

పాడేవారి కథ ఇలా ఉంటే స్వరం రాసేవారి కథ మరీ మరుగున పడింది. ఫ్లోరెన్స్ ప్రైస్ రాసిన సింఫనీని 1933 జూన్‌లో షికాగో సింఫనీ వాద్యబృందం వాయించింది. పెద్ద వాద్యబృందం వాయించిన నల్లజాతి స్త్రీ సింఫనీ అదే మొదటిది. తనకు రెండు లోపాలున్నాయని, ఒకటి ఆడదాన్ని కావడం, రెండోది నల్లరక్తం కలిగి ఉండడం అని ఆమె 1943లో ఒక ప్రఖ్యాత నిర్వాహకునికి రాసుకుంది. 1953లో మరణించింది. 2009లో ఇల్లినాయ్‌లో పాడుబడ్డ ఒక ఇంటిని బాగుచేయబోయిన వారికి ఆమె రాతప్రతులు కట్టలు కట్టలుగా దొరికాయి. అది ఆమె వేసవి విడిది. కప్పు మరికొన్ని వానలకు కూలి ఉంటే అవీ పోయేవి.

శాస్త్రీయ సంగీతం ఒక్కటే ఈ కథ కాదు. ఒడెట్టా అనే గాయని చిన్నప్పుడు ఆపెరాకే శిక్షణ పొందింది. తనవంటి భారీ నల్లపిల్లను ఆ వేదిక ఎక్కనివ్వరని గ్రహించి గిటారు పట్టుకుని జానపదానికి వచ్చింది. బాబ్ డిలాన్‌ను జానపదం వైపు తిప్పింది ఆమె రికార్డే. ఎలిజబెత్ కాటెన్ ఇళ్ళలో పనిచేసుకుంటూ, ఎడమచేతివాటం కనక గిటారును తిరగేసి వాయించి, తొంభై దాటాక గ్రామీ బహుమతి అందుకుంది. చర్చి పాటకు ఎలక్ట్రిక్ గిటారు జోడించిన రోజెటా థార్ప్ లేకపోతే రాక్ అండ్ రోల్ వేరేగా ఉండేది. ఆమెను రాక్ ప్రముఖుల జాబితాలో చేర్చడానికి 2018 దాకా పట్టింది. ఇదీ ఒక తమాషా: రాక్ ‘తెల్లవారి సంగీతం’ అయిపోయి, దాన్ని ఇష్టపడే నల్లజాతి అమ్మాయి పరాయిదయింది. కెనడా రచయిత్రి లైనా డాస్ 2012లో హెవీ మెటల్ అభిమానిగా తన అనుభవాలను పుస్తకంగా రాసినప్పుడు దాని శీర్షికే ‘నువ్విక్కడేం చేస్తున్నావ్?’ అన్న అర్థం వచ్చే ప్రశ్న.

1990 దశకంలో ఈ చర్చ రాజకీయ రంగానికి ఎక్కింది. పౌరహక్కుల నాయకురాలు డెలోరెస్ టక్కర్ స్త్రీలను అవమానించే ర్యాప్ పాటల మీద ఉద్యమం నడిపింది. గాయని డయాన్ వార్విక్ ఆమెతో గొంతు కలిపింది. వారి ఫిర్యాదులో బలం ఉంది. కాని దానివల్ల ఒక నష్టమూ జరిగింది. ర్యాప్ విననివారంతా ర్యాప్‌ను ఖండించేవారేనన్న అభిప్రాయం స్థిరపడింది. గిటారు ఇష్టమని వాయించుకునే స్త్రీ ఏ ఉద్యమానికీ సాక్షి కానక్కరలేదు. ఇష్టానికి కారణం చెప్పమని ఆమెను నిలదీయడం కూడా ఒక రకం వివక్షే.

చివరగా కంట్రీ సంగీతం. లిండా మార్టెల్ 1969లో నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద ఒంటరిగా పాడిన తొలి నల్లజాతి స్త్రీ అయింది. ఆమె రికార్డు కంపెనీ పేరు ‘ప్లాంటేషన్’. బానిసలు చాకిరీ చేసిన తోటలను అదే మాటతో పిలుస్తారు! ప్రేక్షకుల్లోంచి తిట్లు వినిపించేవి. 1970లో ఒక్క ఆల్బమ్ వచ్చింది, ఆ తర్వాత ఆమె ఆ రంగం నుంచి తప్పుకుంది. ఆపెరా చదివిన రియానన్ గిడెన్స్ మన కాలంలో బాంజో చేతబట్టి, పాత నల్లజాతి ఫిడేలు విద్వాంసుని వద్ద కూర్చుని నేర్చుకుని, ఆ వాద్యం అసలు ఇంటిపేరు లోకానికి గుర్తుచేసింది. ఆమె సహకర్తగా ఉన్న ‘ఒమర్’ ఆపెరాకు 2023లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ట్రేసీ చాప్‌మన్ 1988లో రాసి పాడిన ‘ఫాస్ట్ కార్’ను ఒక తెల్లజాతి గాయకుడు తిరిగి పాడాకే, 2023లో, కంట్రీ సంగీత సంఘం దాన్ని ఆ ఏటి మేటి పాటగా గుర్తించింది. 2024లో బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’ ఆల్బమ్ విడుదల చేసింది. గిడెన్స్ అందులో బాంజో వాయించింది. కంట్రీ సంగీత సంఘం ఆ ఏడు దాన్ని ఒక్క బహుమతికీ ప్రతిపాదించలేదు. 2025 ఫిబ్రవరిలో గ్రామీ వారు ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గా, ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా కూడా దాన్నే ఎంచారు. ఎనభై దాటిన లిండా మార్టెల్ గొంతు కూడా ఆ ఆల్బమ్‌లో వినిపిస్తుంది, సంగీతాన్ని శాఖలుగా విడగొట్టడం గురించే ఆమె అక్కడ మాట్లాడుతుంది. ఆ పాటకు ఆమె పేరు గ్రామీ పోటీలో నిలిచింది, ర్యాప్ విభాగంలో.