పీసీపీ గాలి తుపాకి: చరిత్ర, పనితీరు, సర్దుబాటు

పేలుడు మందు లేకుండా, ముందే కుదించి నింపి పెట్టుకున్న గాలితో సీసపు పెల్లెట్‌ను విసిరే తుపాకిని పీసీపీ అంటారు. ప్రీచార్జ్‌డ్ న్యూమాటిక్ అన్న మాటకు అది పొట్టి పేరు. ఇందులో పిస్తోళ్లూ ఉన్నాయి, రైఫిళ్లూ ఉన్నాయి. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీలన్నీ ఇప్పుడు వీటితోనే నడుస్తున్నాయి.

నల్లమల అంచునున్న మార్కాపురం, గిద్దలూరు వైపు గాలి తుపాకి అనగానే చాలామందికి గుర్తొచ్చేది తిరునాళ్లలో బుడగలు కొట్టే తుపాకి. గొట్టాన్ని మధ్యకు విరిచి, పెల్లెట్ పెట్టి, మళ్లీ మూసి కాలుస్తారు. అది పీసీపీ కాదు. గొట్టం విరిచినప్పుడు లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. మీట నొక్కితే స్ప్రింగు ముషలకాన్ని ముందుకు తోస్తుంది, గాలి ఆ క్షణంలోనే కుదించుకుని పెల్లెట్‌ను తోస్తుంది. పీసీపీలో గాలి అంతకు గంట ముందో, వారం ముందో నింపి సిద్ధంగా ఉంటుంది. మీట చేసే పనల్లా అందులోంచి చిటికెడు గాలిని వదలడమే. ఆ చిటికెడు ప్రతిసారీ ఒకే కొలతలో రావాలి. ఈ తుపాకి చరిత్రలో పడిన తంటా అంతా దానికోసమే. కొనేవాడు మొదట అడిగేది ‘దెబ్బ ఎంత గట్టిది’ అని; చేసేవాడికి నిద్రపట్టనివ్వనిది ‘ప్రతి దెబ్బా ఒకటేనా’ అన్న ప్రశ్న.

తోలుతిత్తి నుంచి సైన్యం దాకా

కుదించిన గాలికి బలం ఉందని క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాకు చెందిన టెసిబియస్ గ్రహించాడు. ఇప్పటికి మిగిలిన పాత గాలి తుపాకుల్లో ఒకటి స్టాక్‌హోమ్ రాజ ఆయుధాగారంలో ఉంది. 1580 ప్రాంతానిదని చెప్పే ఆ తుపాకి మడమలో, అంటే భుజానికి ఆనే వెనక భాగంలో, కొలిమితిత్తి లాంటి తిత్తి ఉంటుంది.

గాలిని ముందే నింపి యుద్ధానికి తీసుకుపోయిన మొదటి తుపాకి ఆస్ట్రియా సైన్యానిది. టైరోల్ ప్రాంతపు పనివాడు బార్తొలోమియో జిరార్దోని దాన్ని తయారుచేశాడు. 1780 ప్రాంతం నుంచి 1815 దాకా అది వాడుకలో ఉంది. మడమే గాలిసీసా. పక్కన ఉన్న గొట్టంలో ఇరవై దాకా గుండ్లు వరసగా నిలబడేవి. పొగ లేదు, పెద్ద మోత లేదు, మందు కూరే పని లేదు. అందరూ ఒక గుండు కూరుకుంటున్న రోజుల్లో ఇది నిమిషంలో ఇరవై వదిలేది. 1804లో అమెరికా పడమటి దిక్కు వెతుకుతూ బయలుదేరిన లూయిస్, క్లార్క్ బృందం దగ్గర కూడా ఇలాంటి గాలి తుపాకి ఉండేది. దారిలో కలిసిన తెగల ముందు దాన్ని కాల్చి చూపించేవారు.

అంత గొప్ప ఆయుధం మూలన ఎందుకు పడింది? ఒక్క సీసా నింపడానికి పంపు దాదాపు 1,500 సార్లు కొట్టాలి. తోలు వాషర్లు ఎండితే గాలి కారిపోయేది. రేకును అతికి చేసిన సీసాలు ఒక్కొక్కటీ ఒక్కో రకం. అన్నిటికంటే, ఒక్కో గుండు వెళ్లేకొద్దీ లోపలి ఒత్తిడి పడిపోయేది. మొదటి గుండు పోయినంత దూరం ముప్పయ్యోది పోదు. జిరార్దోని తుపాకికి బలం తక్కువేమీ కాదు, దానికి లేనిది నిలకడ.

మళ్లీ బతికిన తీరు

20వ శతాబ్దంలో చాలాకాలం స్ప్రింగు తుపాకులదే రాజ్యం. పోటీలకు వాటితో ఒక చిక్కుంది. పెల్లెట్ గొట్టం దాటకముందే లోపలి ముషలకం కదిలి తుపాకినంతా కుదుపుతుంది. జర్మనీకి చెందిన ఫైన్‌వెర్క్‌బౌ 1960లలో ఆ కుదుపును తప్పించడానికి తుపాకి లోపలి భాగమంతా పట్టాల మీద జారేలా చేసింది. తరువాత వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ పక్కన ఉన్న పొడవాటి మీటను ఒక్కసారి తోస్తే సరిపడా గాలి కుదించుకునే రకాన్ని తెచ్చాయి. నిలకడ వచ్చింది కానీ, అరవై గుండ్లకు అరవై సార్లు మీట తోస్తే భుజం అలసిపోయేది.

ఆపైన కార్బన్ డయాక్సైడ్ సీసాలు వచ్చాయి. ఈ వాయువు సీసాలో ద్రవంగా ఉంటుంది. అది ఉన్నంతసేపు ఒత్తిడి తగ్గదు, కానీ ఎండను బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్లుంటే, 30 డిగ్రీలకు 72 దాటుతుంది. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగానే నిలవదు. యూరప్‌లో ఇది చిన్న ఇబ్బందిగా కనబడుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే మార్కాపురంలో ఆ తుపాకి ఉదయం ఒకలాగ, మధ్యాహ్నం ఒకలాగ కొడుతుంది. మామూలు గాలి ఒత్తిడి కూడా వేడికి పెరుగుతుంది కానీ అంత గెంతులు వెయ్యదు. పోటీ తుపాకులను తయారుచేసేవాళ్లు 1990లలో కుదించిన గాలికి మారడానికి ముఖ్య కారణం ఇదే.

ఆధునిక పీసీపీని అంగట్లోకి తెచ్చిన పేరు మాత్రం ఇంగ్లండులోని డేస్టేట్‌ది. అది 1970లలో జంతువులకు మత్తు సూది వేసే తుపాకులతో మొదలైంది. ఆ అనుభవంతోనే 1980లలో హంట్స్‌మన్ అనే రైఫిల్ చేసింది. మందు తుపాకి నుంచి కాకుండా పశువుల డాక్టరు సరంజామా నుంచి పుట్టుకొచ్చిన రైఫిల్ అన్నమాట.

హైదరాబాదు పేరు

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో, ఎయిర్ పిస్టల్ 1988 సియోల్‌లో చేరాయి. తెలుగునాట ఈ ఆటకు ఊపు తెచ్చింది హైదరాబాదు. 2003లో అక్కడ జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడల్లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచిన కుర్రాడు గగన్ నారంగ్. చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగాడు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా ఇదే అంశంలో దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. నాలుగేళ్లకు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో నారంగ్ 701.1 స్కోరుతో కాంస్యం అందుకున్నాడు. 2011లో పవన్ సింగ్‌తో కలిసి గన్ ఫర్ గ్లోరీ అనే శిక్షణ సంస్థ పెట్టాడు.

పిస్తోలులో ఈషా సింగ్ పేరు ముందుంటుంది. 2018లో, పదమూడేళ్లకే, మను భాకర్, హీనా సిద్ధూ ఉన్న పోటీలో జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ రజతం, 2025లో నింగ్బో ప్రపంచ కప్‌లో స్వర్ణం గెలిచింది. వినికిడి లోపం ఉన్న హైదరాబాదు యువకుడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిర ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం తెచ్చాడు.

లోపల జరిగేది

కారు టైరులో గాలి 2 బార్ల పైచిలుకు, లారీ టైరులో 8 బార్ల దాకా ఉంటుంది. మార్కాపురం వైపు నీళ్ల కోసం ఊరూరా తిరిగే బోరుబండి కంప్రెసరు రాయిని పిండి చెయ్యడానికి కొట్టే గాలి ఇరవై బార్ల అటూ ఇటూ. పోటీ పీసీపీ సీసాలో నింపేది 200 బార్లు. పంక్చర్ షాపులో గాలి కొట్టించుకుంటే పనికిరాదని వేరే చెప్పక్కర్లేదు.

ఆ 200 బార్లను అలాగే పెల్లెట్ మీదికి వదలరు. సీసాకూ తుపాకికీ మధ్య రెగ్యులేటర్ ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన, గిన్నె మూతల్లా కాస్త వంగిన ఉక్కు బిళ్లలు దాని ప్రాణం. అవతలి చిన్న గదిలో ఒత్తిడి, ఉదాహరణకు 70 బార్లకు, చేరగానే బిళ్లలు అణిగి దారి మూసేస్తాయి. కాల్చాక గది ఖాళీ అయితే మళ్లీ తెరుస్తాయి. సీసాలో 200 ఉన్నా 110 ఉన్నా గదిలో మాత్రం 70. జిరార్దోనికి దొరకనిది ఈ చిన్న గది.

మీట నొక్కితే సుత్తి వెళ్లి వాల్వును కొడుతుంది. వాల్వు క్షణకాలం తెరుచుకుంటుంది. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ వెనక 70 బార్ల గాలి నిలబడితే అది దాదాపు 11 కిలోల బరువుతో తోసినట్టు. అర గ్రాము సీసం సెకనుకు 170 మీటర్ల వేగం అందుకుంటుంది. లెక్క వేస్తే ఏడు జౌళ్ల పైచిలుకు శక్తి.

రెగ్యులేటర్ లేని పీసీపీలూ చాలా ఉన్నాయి. వాటితో మొదటిసారి కాల్చినవాడు తికమక పడతాడు. నిండా గాలి కొట్టినప్పుడు పెల్లెట్ నెమ్మదిగా పోతుంది, కొంత గాలి తగ్గాక వేగం పెరుగుతుంది! వాల్వును మూసి ఉంచేది లోపలి ఒత్తిడే కాబట్టి, ఒత్తిడి మరీ ఎక్కువైతే సుత్తి దెబ్బకు అది సరిగా తెరుచుకోదు. గాలి తగ్గేకొద్దీ తెరుచుకోవడం పెరుగుతుంది, వేగం ఒక మెట్టకెక్కి కాసేపు నిలుస్తుంది, ఆ తరువాత దిగుతుంది. ఆ మెట్ట మీద ఉన్నన్ని గుండ్లే నమ్మదగినవి. నిండా నింపడం కంటే మెట్ట మొదలయ్యే చోటికి నింపడం తెలివి.

సర్దుబాటు

చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్నంత మాత్రాన తుపాకి బాగుపడదు. ముందు క్రోనోగ్రాఫ్ కావాలి. అది పెల్లెట్ వేగం కొలిచే పెట్టె. నింపిన ఒత్తిడి రాసుకుని, ఒక్కో గుండు వేగం పక్కన రాస్తూ పోతే ఆ తుపాకి గుణం కాగితం మీద కనబడుతుంది. వేగం మొదట తక్కువై తరువాత పెరిగితే సుత్తి స్ప్రింగు బలం చాలడం లేదు. మొదటి నుంచీ దిగుతూనే ఉంటే స్ప్రింగు అవసరానికి మించి బిగిసింది, గాలి వృథా అవుతోంది. కాసేపు పక్కన పెట్టి తీశాక మొదటి గుండు మాత్రమే విడిగా వేగంగా పోతే రెగ్యులేటర్ కారుతున్నట్టు. మూసుకోవలసిన దారి పూర్తిగా మూసుకోక, గదిలోకి గాలి మెల్లగా ఊరుతోంది. ఒకసారికి ఒక మరనే తిప్పాలి. రెండు తిప్పినవాడికి ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

అంత పట్టుదల దేనికంటే, ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పెల్లెట్ దానికి తొమ్మిది రెట్లు. 10 మీటర్లలో పెల్లెట్ భూమి వైపు దాదాపు 17 మిల్లీమీటర్లు జారుతుంది. వేగం ఒక శాతం మారితే ఆ జారుడు మూడింట ఒక మిల్లీమీటరు మారుతుంది. దశాంశాల్లో లెక్కించే ఇప్పటి పద్ధతిలో 0.1 పాయింటు పట్టీ వెడల్పు పావు మిల్లీమీటరే. పలకరాయిని పొరలుగా చీల్చే మార్కాపురం పనివాళ్లకు ఈ వెంట్రుకవాసి గొడవ కొత్తేమీ కాదు.

మీట నొక్కడానికి పట్టే బరువు కూడా సర్దుకోవచ్చు. పోటీ పిస్తోలుకు అది కనీసం 500 గ్రాములుండాలి. మీటకు తూకపు రాయి తగిలించి ఎత్తి చూస్తారు. రైఫిల్‌కు ఆ పరిమితి లేదు. పెల్లెట్ల తల కొలత 4.49, 4.50, 4.51 ఇలా తేడాలతో దొరుకుతుంది. ఏ గొట్టానికి ఏది కుదురుతుందో కాల్చి చూసుకోవడం తప్ప దగ్గరి దారి లేదు.

కొన్ని పనులు అసలు చెయ్యకూడదు. లోపల గాలి ఉండగా ఏ మరా విప్పకూడదు. ఆక్సిజన్ సీసాతో నింపకూడదు. కుట్టుమిషను నూనె, బండి గ్రీజు వెయ్యకూడదు. అంత ఒత్తిడిలో అవి అంటుకోగలవు, సిలికాన్ గ్రీజు మాత్రమే వాడాలి. చేతిపంపుతో గాలి కొడితే గాలిలోని తేమ నీరై సీసాలో చేరుతుంది, లోపల తుప్పు పడుతుంది. పోటీ సీసాలకు సాధారణంగా పదేళ్ల గడువుంటుంది. సీసా మీద చెక్కిన తేదీ దాటితే, చూడ్డానికి కొత్తగా మెరుస్తున్నా పక్కన పెట్టాల్సిందే.

చట్టం, నల్లమల

2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్ల శక్తిని గానీ, 4.5 మిల్లీమీటర్ల కొలతను గానీ దాటే గాలి తుపాకికి లైసెన్సు కావాలి. పోటీ తుపాకులు ఆ గీతకు చాలా కింద ఉంటాయి. సుత్తి స్ప్రింగు బిగించి, రెగ్యులేటర్ పెంచి గీత దాటించడం సర్దుబాటు కాదు, నేరం.

లైసెన్సు అక్కర్లేదు కదా అని అడవిలోకి తీసుకుపోవడం ఇంకో పొరపాటు. మార్కాపురం, గిద్దలూరు పడమటి దిక్కున నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. విస్తీర్ణంలో దేశంలో అదే పెద్దది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువును గాయపరచగల ఏ పరికరాన్నైనా ఆయుధంగానే చూస్తుంది. బుడగల తుపాకి కూడా అందులోకే వస్తుంది. దానితో నెమలిని కొట్టినా కుందేలును కొట్టినా అది వేటే.

ఆ అడవిలో చట్టబద్ధంగా తిరిగే గాలి తుపాకి ఒక్కటే, అటవీశాఖ పశువైద్యుల చేతిలోని మత్తు సూది తుపాకి. 11, 13 మిల్లీమీటర్ల గొట్టాలవి. కొన్ని కార్బన్ డయాక్సైడ్‌తో, కొన్ని కుదించిన గాలితో పనిచేస్తాయి. క్రీడాకారుడు ఒత్తిడిని ఒకసారి కుదిర్చి దాన్ని తాకకుండా కాపాడుకుంటాడు. ఇక్కడ ప్రతిసారీ మార్చుకోవాలి. చిరుత ఎంత దూరంలో ఉందో అంచనా వేసి, మీటరు చూస్తూ ఒత్తిడి పెంచుతారు, తగ్గిస్తారు. తక్కువైతే సూది దారిలోనే రాలుతుంది. ఎక్కువైతే కండను దాటి ఎముక దాకా దిగుతుంది.