పెరట్లో పైపు, పైన తీగ: హ్యామ్ రేడియో టవర్ కథ

ఈసారి ఎరువులు, పత్తి రేట్లు పక్కన పెట్టి ఒక పాత ముచ్చట చెప్త. కొంచెం పొడుగే ఉంటది, నాట్లు అయినంక తీరికగా చదవండి.

1987లో ఆదివారం పొద్దున రామాయణం వచ్చే రోజులు యాదికున్నయా? ఇరవై ఫీట్ల జీఐ పైపు, దాని కొసకు చేప బొమికల లెక్క అల్యూమినియం పుల్లలు. ఒకడు డాబా ఎక్కి పైపు తిప్పుడు, ఇంకొకడు కిటికీలకెళ్లి "వచ్చింది, వచ్చింది... ఆఁ పోయింది" అని మొత్తుకునుడు. ఆ చేప బొమికల యాంటెనా పేరు యాగి. 1926లో జపాన్‌లో ఉడా, యాగి అనే ఇద్దరు ఇంజినీర్లు కనిపెట్టారు. దీని మీద ఒక కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్ జపాన్ చేతికి చిక్కినప్పుడు బ్రిటిష్ వాళ్ల రాడార్ కాగితాల్లో 'యాగి' అనే మాట జపాన్ వాళ్లకు కనబడింది. అదేందో వాళ్లకు అర్థం కాలేదు. ఖైదీగా పట్టుబడిన బ్రిటిష్ సైనికుడిని అడిగితే, అది మీ దేశం ఆయన పేరే కదా అన్నాడట. ఇంట్ల ఉన్న వైద్యుని సంగతి పక్కూరోడు చెప్పినట్టు!

మన టీవీ యాంటెనా ఊరికే వినేది. హ్యామ్ రేడియో వాళ్ల యాంటెనా విని, జవాబు కూడా చెప్తది. ప్రభుత్వ పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, తనకంటూ ఒక గుర్తు పేరు పెట్టుకుని, ఇంటి దగ్గరే సెట్టు పెట్టి దేశదేశాల వాళ్లతో మాట్లాడే వాళ్లను హ్యామ్‌లు అంటరు. మన దేశం వాళ్ల గుర్తు పేర్లు ఎక్కువగా వీయూ అనే అక్షరాలతో మొదలవుతయి. రాజీవ్ గాంధీ కూడా హ్యామే, ఆయన గుర్తు వీయూ2ఆర్‌జీ. ఈ సెట్టుకు ప్రాణం పెరట్లో లేపిన పైపు, దాని మీది తీగ. సెట్టు ఎంత ఖరీదుదైనా, తీగ ఎత్తు మీద లేకపోతే బోరు లేని మోటరే.

ఈ కథ మొదలైంది ఒక వ్యవసాయదారు ఇంట్లోనే. ఇటలీలో బొలోనా పట్నం దగ్గర మార్కోనీ వాళ్ల నాయినకు పొలాలు, పెద్ద ఇల్లు ఉండేవి. ఆ ఇంటి పై అంతస్తులో ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన గది ఉంటే, ఈ పిలగాడు దాన్ని ప్రయోగశాల చేసుకున్నాడు. 1895 నాటికి ఆయన వయసు 21. అప్పటిదాకా గది ఈ మూల నుంచి ఆ మూలకు, మహా అంటే తోటలోకి సంకేతం పోయేది. ఒక రేకును ఎత్తుగా కట్టి, ఇంకో కొసను భూమిలో పాతి చూశాడు. దూరం ఒక్కసారి పెరిగింది. ఎత్తు పెంచినకొద్దీ ఇంకా పెరిగింది. ఇంటి ముందున్న గుట్ట అవతలికి అన్నను తుపాకీ ఇచ్చి పంపాడు, సంకేతం అందితే పేల్చమని. గుట్ట వెనక నుంచి తుపాకీ మోగింది. పైన తీగ, కింద ఎర్త్ అన్న ఆ లెక్క నేటికీ మారలేదు. (ఇదే 1895లో కలకత్తాలో మన జగదీశ్ చంద్రబోస్ తీగ లేకుండా తరంగాలు పంపి, దూరంగా ఉన్న గంట మోగించి చూపాడు. ఆయన పేరు కూడా ఈ కథలో ఉండాలె.)

ఇగ టవర్ కూలిన కథ. నాకు ఈ మొత్తం చరిత్రలో ఎక్కువ నచ్చేది ఇదే. 1901లో అట్లాంటిక్ సముద్రం దాటించాలని మార్కోనీ కంపెనీ ఇంగ్లండ్‌లోని పోల్దూ అనే చోట 20 స్తంభాలు గుండ్రంగా నిలబెట్టింది. ఒక్కొక్కటి 200 ఫీట్లు. ఖర్చో, తొందరో, స్తంభాల తలలను ఒకదానికొకటి తీగలతో ముడేశారు. ఒకటి పడితే అన్నీ పడతాయని వాళ్ల ఇంజినీరు వివియన్ ముందే చెప్పాడు. వినలేదు. ఆ సెప్టెంబర్‌లో గాలివాన వచ్చింది, మొత్తం పడ్డయి. పందిరి మీది తీగ తోటను ఒక్క గుంజ కూల్చినట్టు. అమెరికా వైపు లేపినవి కూడా అదే ఏడాది నవంబర్‌లో కూలినయి. చివరికి మార్కోనీ కెనడా పక్కన న్యూఫౌండ్‌లాండ్ పోయి, గాలిపటానికి తీగ కట్టి ఎగరేసి, 1901 డిసెంబర్ 12న ఇంగ్లండ్ సంకేతం విన్నానన్నాడు. నిజంగా విన్నాడా, ఉరుముల గరగరను అట్ల అనుకున్నాడా అని ఇప్పటికీ వాదించుకునేటోళ్లు ఉన్నరు.

పెద్ద కంపెనీల పక్కనే ఇండ్లల్లో సొంతంగా సెట్లు చేసుకునే పిలగాళ్లు వేల మంది తయారయ్యారు. వాళ్ల గోల ఎక్కువైందని అమెరికా సర్కారు 1912లో చట్టం చేసి, 200 మీటర్ల కన్నా పొట్టి తరంగాలకే వాళ్లను తోలేసింది. ఆ తరంగాలు దూరం పోవని, ఎందుకూ పనికిరావని అప్పటి పండితుల నమ్మకం. పనికిరాని బీడు చెలకను పేదోళ్లకు పట్టా చేసినట్టన్నమాట. ఆ చెలకలోనే నీళ్లు పడ్డయి! 1923 నవంబర్‌లో ఇద్దరు అమెరికా హ్యామ్‌లు, ఒక ఫ్రాన్స్ హ్యామ్ 110 మీటర్ల దగ్గర సముద్రం అవతలికి ఇవతలికి మాట్లాడుకున్నారు. పొట్టి తరంగాలు ఆకాశంలో పై పొరకు తగిలి మళ్లీ భూమికి దిగుతయని అప్పుడు తెలిసింది. తర్వాత కంపెనీలు, సర్కార్లు అన్నీ ఆ చెలక మీద పడ్డయి. మన చిన్నప్పటి షార్ట్‌వేవ్ రేడియోలు, సిలోన్ పాటలు అన్నీ ఆ చెలకల పండినవే.

మన దేశంలో 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు అనే ఆయన హ్యామ్ స్టేషన్ పెట్టాడు. 1939లో యుద్ధం రాగానే బ్రిటిష్ సర్కారు లైసెన్సులన్నీ రద్దు చేసి సెట్లు అప్పజెప్పమంది. కొందరు అప్పజెప్పలేదు. 1942 క్విట్ ఇండియా అప్పుడు నాయకులంతా జైల్లో ఉంటే, బొంబాయిలో 22 ఏళ్ల ఉషా మెహతా, ఆమె దోస్తులు కాంగ్రెస్ రేడియో నడిపారు. సెట్టు తయారు చేసిన నారీమన్ ప్రింటర్ పాత హ్యామ్. యాంటెనా పైకి లేపితే పోలీసులు దిక్కు పట్టేస్తారు, లేపకపోతే ఎవరికీ వినబడదు. అందుకే పదే పదే ఇల్లు మార్చారు. మూడు నెలల లోపే, నవంబర్ 12న దొరికిపోయారు. ఆమెకు నాలుగేండ్ల జైలు పడ్డది.

ఇగ మన దగ్గరికి వద్దాం. 1983లో ఎస్. సూరి గారు (వీయూ2ఎంవై) హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పెట్టారు. పరీక్షకు తయారు చేయడం, ఆపదలో సెట్లు పట్టుకుని పోవడం వాళ్ల పని. ఈ సంస్థ తరఫున భారతి ప్రసాద్ (వీయూ2ఆర్‌బీఐ) 2004 డిసెంబర్‌లో అండమాన్ పోయి, పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక హోటల్ మీద యాంటెనాలు కట్టి ప్రపంచంతో మాట్లాడింది. 17 ఏండ్ల తర్వాత అండమాన్ గాలిలోకి వచ్చిందని దేశదేశాల హ్యామ్‌లు ఎగబడ్డారు. సరదాకు పెట్టిన స్టేషన్ అది. డిసెంబర్ 26 పొద్దున భూమి కదిలింది, వెనకనే సునామీ. ఫోన్లు పోయినయి, కరెంటు పోయింది. ఆమె సెట్టును మళ్లీ లేపి, ఎవరు బతికున్నరు, ఎవరికి ఏం కావాలె అన్న కబుర్లు ద్వీపాల నుంచి ఇవతలికి చేరవేసింది. కార్ నికోబార్‌కు కూడా తన జట్టు వాళ్లను సెట్టుతో పంపింది. అదే నెలలో సరదాకు కట్టిన తీగలే అవి.

ఇది మనకెందుకంటరా? 2023 జూలై 27న మోరంచపల్లి మునిగినప్పుడు జనం డాబాలెక్కి, చెట్లెక్కి ప్రాణాలు అరచేతిల పెట్టుకున్నరు. సెల్ టవర్ నిలబడ్డా, దాని కింద బ్యాటరీ, డీజిల్ ఉన్నంతసేపే అది పలుకుతది. హ్యామ్ సెట్టు ట్రాక్టర్ బ్యాటరీ మీద నడుస్తది, నడుమ ఏ టవర్ సాయం అక్కర్లేదు. మండలానికి ఒక్కరన్నా లైసెన్సు ఉన్నోళ్లు ఉంటే మంచిదని నా లెక్క.

మరి టవర్ ఎట్ల? ఇనుప ముక్కలు అతికిన పెద్ద టవరే కావాలనేం లేదు. 7 మెగాహెర్ట్జ్ తరంగానికి రాగి తీగ మొత్తం 20 మీటర్లు, నడుమ కోసి అటు పది ఇటు పది, రెండు కొసలకు పింగాణీ ముక్క. దాన్ని పది మీటర్ల ఎత్తున తాటిచెట్టుకు, వేపచెట్టుకు నడుమ కట్టినా పలుకుతది. పైపే లేపాలంటే ఇరవై ఫీట్ల పైపులు రెండు, ఒకదాంట్ల ఒకటి కొంత దూర్చి బోల్టులు వేయాలె. మూడు దిక్కుల స్టే వైర్లు. పైపు ఎత్తులో సగానికన్నా ఎక్కువ దూరంలో, మూడొంతుల దాకా పోయి స్టే గుంజలు పాతాలె. మరీ దగ్గర పాతితే తీగ పైపును పక్కకు పట్టే బదులు కిందికి నొక్కుతది. కరెంటు పోల్ స్టే వైరు నడుమ పింగాణీ గుడ్డు చూసే ఉంటరు. అక్కడ అది మనకు షాక్ కొట్టకుండా. ఇక్కడ ఇంకో పని కూడా చేస్తది: పొడుగు తీగ ఒక్కటే ఉంటే అది కూడా యాంటెనా లెక్క తరంగాన్ని మింగుతది, అందుకే గుడ్లతో ముక్కలు చేస్తరు. తీగ మడిచి యు క్లాంపులు వేసేటప్పుడు మూడు వేయాలె, వంపు భాగం తీగ తోక మీద పడాలె, బరువు మోసే తీగ మీద కాదు.

మన నేలతోనే అసలు తిప్పలు. ఎర్ర చెలకల పాతిన గుంజ కదలదు. నల్లరేగడిల వానకాలం నేల ఉబ్బుతది, ఎండకాలం నెర్రెలు బాస్తది, గుంజ ఏటా బెత్తెడు తిరుగుతది. అందుకే రేగడిల గుంత లోతు పెంచి, సిమెంటు దిమ్మె పోసి, నెర్రెలు బాసే పొర కిందికి దించాలె. ఏప్రిల్ గాలిదుమారాలకు ముందు ఒకసారి, వానలు ఆగినంక ఒకసారి స్టే బిగింపు చూడాలె. మూడూ సమానంగా బిగియాలె. ఒక్కటే గట్టిగా లాగితే పైపు విల్లు అయితది. క్లాంపుల దగ్గర తుప్పు ముందు పడతది, అక్కడ గ్రీజు. కోతుల సంగతి మీకు చెప్పేదేముంది, యాగి పుల్లలు వాటికి ఉయ్యాల. తీగ యాంటెనా అయితే కొంత నయం.

పిడుగుకు బొగ్గు, ఉప్పు పోసిన ఎర్త్ గుంత, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చూసిందే. పైపును దానికి మందపాటి పట్టీతో, వంపులు లేకుండా కలపాలె. మబ్బు పట్టంగనే సెట్టు నుంచి కేబుల్ పీకి బయట పడేయాలె. పిడుగు నేరుగా పడితే ఏ గుంతా పూర్తిగా కాపాడదు.

ఒక్క మాట గట్టిగా చెప్త. పైపు లేపే చోటు నుంచి 11 కేవీ లైను దాకా దూరం పైపు పొడుగు కన్నా బాగా ఎక్కువ ఉండాలె, ఎటు పడ్డా తీగకు తగలొద్దు. బోరు పైపులు పీకంగ లైనుకు తగిలి పోయినోళ్ల కథలు ప్రతి మండలంల ఉన్నయి. మోటరు లేపే మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ ఉంటే పైపును నిదానంగా లేపొచ్చు. గాలి ఉన్న రోజు ముట్టుకోవద్దు.

సెట్టు కథ కూడా మన దగ్గరిదే. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ (వీయూ2ఈఎస్ఈ) తక్కువ ఖర్చుతో ఇంట్లో చేసుకునే బిట్‌ఎక్స్ సెట్టు తయారు చేసి, దాని లెక్కలన్నీ ఎవరైనా వాడుకునేటట్టు పెట్టాడు. దాన్ని ప్రపంచమంతా హ్యామ్‌లు కట్టుకున్నరు. తర్వాత సగం తయారు చేసి అమ్మిన సెట్లలో కాయిల్స్ చుట్టింది హైదరాబాద్ ఆడవాళ్లే.

లైసెన్సుకు కేంద్ర టెలికాం శాఖ పరీక్ష ఉంటది, దరఖాస్తు ఆన్‌లైన్‌లనే. రెండు తరగతులు, కింది తరగతికి మోర్స్ టక్ టక్ అక్కర్లేదు. లైసెన్సు లేకుండ ఒక్క మాట పంపినా నేరమే, వినుడు మాత్రం ఎవరైనా వినొచ్చు. మన వరంగల్ వాళ్లు ఇంకోటి చూసుకోవాలె. మామునూరులో నిజాం కాలంలో, 1930లో కట్టిన విమానాల మైదానం 1981 దాకా నడిచింది. 2025 ఫిబ్రవరిలో అక్కడ మళ్లీ విమానాశ్రయానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. విమానాశ్రయం చుట్టూ కట్టడాల ఎత్తుకు పరిమితి ఉంటది. ఖిలా వరంగల్, సంగెం, గీసుకొండ దిక్కు ఉండేటోళ్లు పైపు కొనక ముందే ఎంత ఎత్తు దాకా లేపొచ్చో అడిగి తెలుసుకోండి.