నాగార్జునకొండ విహారాలు: ఆరామం నుంచి దీవి దాకా

నాగార్జునకొండ పల్నాడు జిల్లా మాచర్ల మండలంలో, నాగార్జునసాగర్ జలాశయం నడుమ ఉన్న కొండ. చుట్టూ నీళ్ళు చేరడంతో ఇప్పుడది దీవి అయింది. ఆ నీటి కింద మునిగిన లోయలో సాధారణ శకం 3, 4 శతాబ్దాల నాటి విజయపురి నగరం ఉండేది. ఇక్ష్వాకు రాజుల రాజధాని అది. నగరం చుట్టూ, కొండ వాలుల్లో, చిన్నచిన్న గుట్టల మీద ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు వెలిశాయి. వాటిలో స్తూపాలు, చైత్యాలు, భిక్షువులు ఉండే విహారాలు ఉన్నాయి. ఆ తర్వాతి కాలంలో ఇదే చోటు కోట అయింది, పీఠం మాన్యం అయింది, రైతుల పొలం అయింది, తవ్వకాల క్షేత్రం అయింది, జలాశయ గర్భమైంది, చివరికి ప్రదర్శనశాల అయింది. పదిహేడు వందల ఏళ్ళలో ఒక ఆరామభూమి ఎన్ని అవసరాలకు పనికొచ్చిందో చెప్పడానికి తెలుగు నేల మీద ఇంతకంటే నిండైన ఉదాహరణ దొరకదు.

ఉనికి, పేరు

లోయ విస్తీర్ణం సుమారు 23 చదరపు కిలోమీటర్లు. మూడు వైపులా నల్లమల కొండల వరసలు, నాలుగో వైపు కృష్ణానది. శత్రువుకు చొరరానిదిగా, వర్తకుడికి నది దారి దగ్గరగా ఉన్న చోటు కాబట్టే ఇక్ష్వాకులు దీన్ని రాజధానిగా ఎంచుకున్నారు. శాసనాల్లో కొండకు శ్రీపర్వతమని, నగరానికి విజయపురి అని పేర్లున్నాయి. నాగార్జునకొండ అనే పేరు తర్వాతిది. మాధ్యమిక తత్త్వాన్ని బోధించిన ఆచార్య నాగార్జునుడు ఇక్కడ నివసించాడన్న సంప్రదాయం నుంచి ఆ పేరు వచ్చింది.

   

ఆరామాల కాలం

ఇక్ష్వాకు వంశంలో వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు మొదటి రాజు. అతని తర్వాత మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, వాసిష్ఠీపుత్ర ఎహువల చాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు పాలించారు. మొదటి చాంతమూలుడు వైదిక మార్గాన్ని అనుసరించినవాడు, అశ్వమేధం చేసినవాడు. లోయలో కార్తికేయుడికి, అష్టభుజస్వామికి, పుష్పభద్రస్వామికి గుళ్ళు కట్టారు. బౌద్ధ ఆరామాలకు కొండంత అండగా నిలిచినవాళ్ళు మాత్రం ఆ ఇంటి ఆడవాళ్ళు.

చాంతమూలుడి సోదరి చాంతిసిరి లోయలోని పెద్ద స్తూపమైన మహాచైత్యానికి పెద్ద దాత. వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో ఆమె అక్కడ శిలాస్తంభాలు నిలబెట్టించింది. వీరపురుషదత్తుడి రాణి భట్టిదేవి బహుశ్రుతీయ శాఖ భిక్షువులకు విహారం కట్టించింది. వనవాసి రాజుకు ఇచ్చిన ఇక్ష్వాకు ఆడపడుచు కొడబలిసిరి మహీశాసక శాఖకు విహారం కట్టించింది. అపరమహావినసేలీయులకూ, సింహళం నుంచి వచ్చిన థేరవాదులకూ వేరువేరుగా నివాసాలుండేవి. అంటే ఇది ఒకే మఠం అనుకోకూడదు. పలు శాఖల భిక్షువులు ఇరుగుపొరుగుగా బతికిన మఠాల ఊరు ఇది.

రాజకుటుంబంతో సంబంధం లేని దాతలూ ఉన్నారు. వాళ్ళలో ముందుగా చెప్పుకోవలసింది బోధిసిరి అనే ఉపాసిక. వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట ఆమె విజయపురికి తూర్పున ఉన్న చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. ఆ సంగతిని చైత్యగృహం రాతి నేల మీదే చెక్కించింది. దండం పెట్టడానికి వంగిన మనిషి కళ్ళకు ఎదురుగా ఆ అక్షరాలు ఉంటాయి. ఆ కట్టడం తామ్రపర్ణి, అంటే సింహళ ఆచార్యుల కోసమని శాసనం చెబుతోంది. ఆ ఆచార్యులు ధర్మం వైపు తిప్పిన దేశాలుగా కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, యవన, దమిళ దేశాల వంటి పేర్లు అందులో వరసగా ఉన్నాయి. తన పుణ్యంలో వాటాగా భర్తను, బంధువులను పేరుపేరునా తలుచుకుంది. తాను మరెక్కడెక్కడ ఏమేం కట్టించిందో కూడా రాయించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి కట్టించిన ప్రాసాదం కూడా ఆ జాబితాలో ఉంది. ఒక గృహస్థురాలి దానపు లెక్క రెండో తరగతి చరిత్ర కాదని, ఆనాటి ప్రపంచ పటమే అందులో ఉందని ఈ ఒక్క శాసనం రుజువు చేస్తుంది.

విహారాల నిర్మాణం

ఇక్కడి విహారాలన్నిటికీ దాదాపు ఒకే పోలిక. నడుమ రాతి స్తంభాల మండపం, దాని చుట్టూ మూడు లేదా నాలుగు వైపులా ఇటుక గోడల గదుల వరస. భిక్షువులు గదుల్లో ఉండేవారు, మండపంలో కూడేవారు. భోజనశాల, సరుకులు దాచే కొట్టు, స్నానానికి, మరుగుకు గదులు వేరుగా ఉండేవి. చాలా చోట్ల ఆవరణలో రెండు చైత్యగృహాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదానిలో స్తూపం, రెండోదానిలో బుద్ధ విగ్రహం. గుర్తును కొలిచేవారికీ రూపాన్ని కొలిచేవారికీ ఒకే ప్రాకారంలో చోటు కల్పించిన ఏర్పాటు అది.

మహాచైత్యం వ్యాసం సుమారు 106 అడుగులు. లోపల బండి చక్రంలా కుంభి నుంచి ఆకులు సాగినట్టు ఇటుక గోడలు కట్టి, మధ్య ఖాళీలను మట్టితో నింపారు. నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు. చెక్కడాలకు వాడింది పల్నాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిద రంగు దీనిది.  పల్నాటి రాయి ఉలికి మెత్తగా లొంగుతుంది కాబట్టి జాతక కథలనూ బుద్ధుడి జీవిత ఘట్టాలనూ గుంపులు గుంపులుగా మనుషులతో నింపి చెక్కగలిగారు. రోము చక్రవర్తి టైబీరియస్ పేరిట అచ్చయిన బంగారు నాణెం, సిథియా దుస్తుల్లో ఉన్న సైనికుడి శిల్పం ఈ లోయలోనే దొరికాయి. ఆరామాల వెనక ఉన్న వర్తకపు సంపదకు ఇవి సాక్ష్యాలు.

ఆరామాలు ఖాళీ కావడం

నాలుగో శతాబ్దం మొదటి భాగంలో ఇక్ష్వాకుల పాలన ముగిసింది. ఈ ప్రాంతం పల్లవుల చేతికి వెళ్ళింది. రాజధాని హోదా పోయింది, రాణుల దానాలు ఆగిపోయాయి, సముద్ర వర్తకం కూడా మునుపటంత సాగలేదు. భిక్ష పెట్టే ఊరు లేనిదే భిక్షువుల విహారం నిలవదు. గదుల పైకప్పులు కూలాయి, ఇటుకలు మట్టిలో కలిశాయి, స్తంభాలు మాత్రం పొదల్లో నిలబడ్డాయి.

కోట

వందల ఏళ్ళ తర్వాత ఇక్కడికి వచ్చినవాళ్ళకు కావలసింది లోయ కాదు, కొండ. నది దారిని, లోయను ఒకే చూపులో కాపలా కాయగల చోటు కావడంతో కొండ మీద కోట వెలిసింది. కొండవీటి రెడ్ల కాలం నుంచి గజపతుల దాకా అది పల్నాటి దుర్గాల్లో ఒకటిగా ఉంది. 1515లో కృష్ణదేవరాయలు తూర్పు దండయాత్రలో కొండవీడును గెలుచుకునే ముందు పట్టుకున్న కోటల జాబితాలో అద్దంకి, వినుకొండ, బెల్లంకొండలతో పాటు నాగార్జునకొండ కూడా ఉంది. కోట గోడల శిథిలాలు దీవి మీద ఇప్పటికీ కనిపిస్తాయి.

పీఠం మాన్యం

కోటకు పని లేకుండా పోయాక లోయ మళ్ళీ ఒక మఠం చేతికే వచ్చింది. ఈసారి అది శంకర సంప్రదాయానికి చెందిన పుష్పగిరి పీఠం. 1927లో తవ్వకాలు మొదలుపెట్టిన ఏ.హెచ్. లాంగ్‌హర్స్ట్ కాలానికి లోయలోని సాగు భూములూ, పుల్లారెడ్డిగూడెం గ్రామమూ ఆ పీఠం అధీనంలోనే ఉన్నాయి. ఒకనాడు భిక్షువులు నడిచిన నేలను రైతులు దున్నారు. స్తూపాల దిబ్బలు చేల మధ్య గట్టుల్లా మిగిలాయి. ఒక సన్న్యాస సంఘానికి ఇచ్చిన నేల వెయ్యేళ్ళు దాటాక మరో సన్న్యాస సంప్రదాయం పోషణకు ఉపయోగపడింది. భారతదేశంలో మతభూముల చరిత్ర రాసేవారు తప్పక ఆగి చూడవలసిన ఘట్టమిది.

బయటపడటం, తవ్వకాలు

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు లోయలో ఒక ప్రాచీన స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసన విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న సరస్వతి వచ్చి పరిశీలించారు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు సాగించారు. ఇక్కడి ప్రాకృత శాసనాలను డచ్చి పండితుడు జె.పి.హెచ్. వోగెల్ చదివి ప్రకటించారు. మహాచైత్యంలో బంగారు భరిణలో దొరికిన చిన్న అస్థి ధాతువును సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి అందజేశారు.

కృష్ణపై ఆనకట్ట కట్టాలన్న నిర్ణయంతో అసలు పరీక్ష వచ్చింది. జలాశయం నిండితే లోయ మొత్తం మునుగుతుంది. నీళ్ళు రాకముందే లోయను చదివి పెట్టుకోవాలని 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో భారత పురావస్తు శాఖ భారీ తవ్వకాలు జరిపింది. వందకు పైగా స్థలాలు బయటపడ్డాయి. పాత రాతియుగం పనిముట్లు, నవీన శిలాయుగపు ఆవాసాలు, పెద్ద రాళ్ళ సమాధులు, విహారాలు, గుళ్ళు, రాతి మెట్ల స్నానఘట్టం, మెట్ల వరసలతో కట్టిన రంగస్థలం వెలుగు చూశాయి. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ ఆలయాలను తరలించిన పని 1964లో మొదలైంది. అంతకు ముందే పల్నాటి లోయలో అలాంటి రక్షణ ప్రయత్నం జరిగిందని తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోవచ్చు.

జలాశయం, దీవి

1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. లోయలోని ఊళ్ళు ఖాళీ అయ్యాయి. విజయపురి నీటి అడుగుకు చేరింది. ఆ నీరు నల్గొండ, ఖమ్మం, గుంటూరు, ప్రకాశం జిల్లాల పొలాలకు పారింది. పంట పండించడానికే ఈ నేల మునిగింది. నష్టాన్నీ లాభాన్నీ రెండింటినీ కలిపి చూడకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది.

ముఖ్యమైన కట్టడాల్లో కొన్నిటిని విడదీసి, కొండ మీదా జలాశయం ఒడ్డున అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. రంగస్థలాన్ని, హారీతి గుడిని అనుపులో చూడవచ్చు. కొండ మీద, పాత కోట ఆవరణలో, విహారం ఆకారాన్ని తలపించే ప్రదర్శనశాల 1966లో తెరుచుకుంది. శిల్పాలు, శాసనాలు, నాణేలు, మునిగిన లోయ నమూనా అందులో ఉన్నాయి. కోట గోడల మధ్య బుద్ధుడి విగ్రహాలు, చుట్టూ ఆనకట్ట నీళ్ళు. ఇక్కడి మూడు యుగాలు ఆ దీవి మీద పక్కపక్కనే కనిపిస్తాయి.

నేటి స్థితి

దీవికి విజయపురి సౌత్ రేవు నుంచి లాంచీలో వెళ్ళాలి. ఎదుటి ఒడ్డున నందికొండ వైపు తెలంగాణ ప్రభుత్వం 274 ఎకరాల్లో నిర్మించిన బుద్ధవనం 2022 మేలో ప్రారంభమైంది. దీనితో కృష్ణకు రెండు గట్లా బౌద్ధ స్మృతి నిలిచింది.

ఈ నేల ప్రతి కాలంలోనూ చేతులు మారింది. ప్రతివారూ తమకు కావలసినది తీసుకున్నారు. సైన్యం ఎత్తును, పీఠం పంటను, ప్రభుత్వం నీటిని తీసుకున్నాయి. చాంతిసిరి, బోధిసిరి రాయించిన అక్షరాలను మాత్రం ఎవరూ చెరపలేదు. అక్కడికి వెళ్ళే పాఠకులు లాంచీ ప్రయాణంతో సరిపెట్టుకోకుండా శాసన స్తంభాల ముందు కాసేపు నిలబడాలి. పిల్లలను తీసుకువెళితే ఆ దాతల పేర్లు చదివి వినిపించాలి. లోయ మునిగినా పేర్లు మునగలేదని వాళ్ళకు తెలియాలి.